సరస్వతి ఆకు: నామచరిత్ర, పాఠపరిష్కరణ సమస్యలు

వ్యాససంగ్రహం:
కొత్తిమీర, వాము, జీలకర్రల కుటుంబానికి చెందిన ఒక చిన్న పాకుడు మొక్కను తెలుగువారు సరస్వతి ఆకు అంటారు. సంస్కృత వైద్యగ్రంథాల్లో ఇది మండూకపర్ణి. ఉత్తరభారతంలోని అనేక ప్రాంతాల్లో దీన్నే బ్రాహ్మి అంటారు. కేరళ, బెంగాల్ వాడుకలో బ్రాహ్మి మరొక మొక్క. ఈ నామసాంకర్యం సంహితల కాలం నుంచి ఆధునిక రసాయనశాస్త్రం దాకా ఎలా నడిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు వైద్యగ్రంథాల పరిష్కరణలో, అనువాదంలో, నిఘంటు నిర్మాణంలో ఈ చరిత్రను పట్టించుకోకపోతే మూలార్థమే మారిపోతుందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: సరస్వతి ఆకు, మండూకపర్ణి, బ్రాహ్మి, అమరకోశం, వైద్యవాఙ్మయం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

నీటి చెమ్మ ఉన్న ప్రతిచోటా సరస్వతి ఆకు కనిపిస్తుంది. కాలువ గట్లు, వరి చేల గట్లు, చెరువుల అంచులు, బావుల దగ్గర నీరు పారే చోట్లు దీనికి నెలవులు. తీగ నేలను అంటుకుని పాకుతుంది. కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి. పొడవైన కాడ చివర గుండ్రంగా, మూత్రపిండాకారంలో, అంచులు నొక్కులు నొక్కులుగా ఉన్న ఆకు నిలబడుతుంది. పూలు ఎంత చిన్నవంటే ఆకుల చాటున వాటిని వెదికి చూడాలి. వృక్షశాస్త్రంలో దీని పేరు సెంటెల్లా ఏషియాటికా.

దీనితో తరచుగా కలగలిసిపోయే మరొక మొక్క బకోపా మొన్నియెరి. అదీ తడినేలల్లోనే పాకుతుంది. అయితే దాని ఆకులు చిన్నవి, కండగలవి, కాడ లేనివి, కణుపు దగ్గర జంటగా పుట్టేవి. పూలు లేత నీలం లేదా తెలుపు. తెలుగులో దీన్ని సాంబ్రాణి చెట్టు, నీటి సాంబ్రాణి అంటారు. రెండు మొక్కలకూ కుటుంబం వేరు, రూపం వేరు, రసాయన సంఘటన వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి తడినేల, తెలివిని పెంచుతాయన్న ప్రసిద్ధి, బ్రాహ్మి అనే పేరు. చిక్కంతా ఈ మూడవ దాని దగ్గరే మొదలైంది.

2. సంహితల్లో రెండు ఓషధులు

చరకసంహిత చికిత్సాస్థానంలోని రసాయనాధ్యాయం నాలుగు మేధ్యరసాయనాలను చెబుతుంది. మండూకపర్ణి స్వరసం, పాలతో యష్టిమధుక చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. ఈ నాలుగింటిలో బ్రాహ్మి లేదు. అదే చికిత్సాస్థానంలో అపస్మార ప్రకరణంలో బ్రాహ్మి రసం, వస, చెంగల్వకోష్ఠు, శంఖపుష్పులతో పాతనెయ్యి కాచే విధానం ఉంది. అక్కడ మండూకపర్ణి లేదు. అంటే చరకుని దృష్టిలో ఒకటి మేధను వృద్ధిచేసే రసాయనం, మరొకటి అపస్మారంపై ప్రయోగించే ఔషధం. సూత్రస్థానంలో మండూకపర్ణి శాకాల జాబితాలోనూ కనిపిస్తుంది. మందుగానే కాక కూరగా కూడా దీన్ని ఆనాడే తిన్నారనడానికి ఇది ఆధారం. శ్రీలంకలో ఈనాటికీ గొటుకొల పేరుతో దీన్ని కొబ్బరి కోరుతో కలిపి అన్నంలో తింటున్నారు. తెలుగు ఇళ్లలో పచ్చడిగా, పొడిగా వాడుతున్నారు.

సుశ్రుతసంహిత సాక్ష్యం ఇంకా స్పష్టమైనది. చికిత్సాస్థానం 28వ అధ్యాయం మేధను, ఆయుష్షును కోరేవారి కోసం చెప్పిన రసాయనాలది. అందులో మండూకపర్ణి స్వరస విధి వేరుగా, బ్రాహ్మీ స్వరస విధి వేరుగా ఉన్నాయి. మొదటిది మూడు నెలల నియమం. రెండవది ఏడేసి రోజుల చొప్పున మూడు విడతలుగా సాగేది. ప్రతి విడతకూ విడిగా ఫలం చెప్పబడింది. ఒకే అధ్యాయంలో, ఒకే ప్రయోజనానికి, పక్కపక్కనే రెండు విధులు చెప్పిన గ్రంథకర్త దృష్టిలో అవి రెండు మొక్కలు కాక తప్పదు. ఈ రెండు పదాలనూ తెలుగులో సరస్వతి ఆకు అని అనువదిస్తే రెండు విధులు ఒకే మొక్కపై చెప్పిన పునరుక్తిగా కనిపిస్తాయి. కాలనియమంలో ఉన్న భేదానికి కారణం పాఠకునికి అందదు. అనువాదకుని నిర్ణయం మూలగ్రంథపు దోషంగా కనిపిస్తుంది.

కాలక్రమంలో ఈ భేదం సన్నగిల్లింది. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుని భావప్రకాశ నిఘంటువు బ్రాహ్మి పర్యాయాలను, మండూకపర్ణి పర్యాయాలను వెనువెంటనే చెప్పి, రెండింటి గుణాలూ సమానమని సూచిస్తుంది. గుణసామ్యం చెప్పడమంటే రెండూ ఒకటని చెప్పడం కాదు. కాని ఒకటి దొరకని చోట మరొకదాన్ని వాడే వైద్యునికి ఆ మాట చాలు. ప్రతినిధి ద్రవ్యంగా మొదలైనది కొంతకాలానికి అసలు పేరునే సొంతం చేసుకుంటుంది.

3. అమరకోశం తెచ్చిన చిక్కు

తెలుగునాట చదువు చాలాకాలం అమరకోశంతోనే మొదలయ్యేది. లింగాభట్టీయం వంటి వ్యాఖ్యలు, గురుబాలప్రబోధిక వంటి తెలుగు టీకలు ఆ చదువుకు ఆధారాలు. వైద్యుడైనా కవియైనా మొక్కల పేర్లను వనౌషధివర్గంలోనే తొలిసారి వల్లెవేసేవాడు. కాబట్టి ఆ వర్గం ఈ విషయంలో ఏం చెబుతున్నదో చూడడం అవసరం.

అమరసింహుడు మండూకపర్ణి అనే పదాన్ని మంజిష్ఠ పర్యాయాల్లో చేర్చాడు. మంజిష్ఠ ఎర్రని రంగునిచ్చే వేరు గల ఎగబాకే తీగ. దానికీ నేలపై పాకే ఈ చిన్న మొక్కకూ ఏ సంబంధమూ లేదు. పుంలింగరూపమైన మండూకపర్ణ శబ్దం శ్యోనాక పర్యాయాల్లో వస్తుంది. అది దశమూలాల్లో ఒకటైన చెట్టు. ఇక బ్రాహ్మికి ఆయన చెప్పిన పర్యాయాల్లో మత్స్యాక్షి ఒకటి. తెలుగు వైద్యుల వాడుకలో మత్స్యాక్షి అంటే పొన్నగంటి కూర.

దీన్నిబట్టి, అమరకోశం మాత్రమే చదివిన పండితునికి మండూకపర్ణి మంజిష్ఠగా, బ్రాహ్మి పొన్నగంటిగా తోచే అవకాశం ఉంది. చరకసుశ్రుతాలు చదివిన వైద్యునికి అవే పదాలు మరో రెండు మొక్కలు. కోశాలు పర్యాయాలను ఛందస్సుకు అనువుగా కూర్చాయి. మొక్క ఆకారాన్ని వర్ణించడం వాటి ఉద్దేశం కాదు. కోశాన్ని మొక్కల గుర్తింపుకు ప్రమాణంగా తీసుకోవడం అది మోయలేని భారాన్ని దానిపై పెట్టడమే. తాళపత్రంలోని వైద్యపదానికి అమరకోశ టీక ఆధారంగా అర్థం రాసే పరిష్కర్తలు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

4. తెలుగు పేరు

దక్షిణాది భాషలు ఈ మొక్కకు పెట్టుకున్న పేర్లలో రూపం ప్రధానం. కన్నడంలో ఒందెలగ అంటే ఒంటి ఆకుది. మరాఠీలోని ఏక్‌పానీ కూడా అదే అర్థాన్నిస్తుంది. సంస్కృతంలోని మండూకపర్ణి కప్ప ఆకు. ఆకు కప్పపాదాన్ని పోలి ఉండడం, మొక్క కప్పలుండే చోట పెరగడం అని ఆ పేరుకు రెండు వ్యుత్పత్తులు చెబుతారు. తెలుగులో అరుదుగా వినిపించే బేకపర్ణము కూడా ఈ కోవలోదే. భేకమంటే కప్ప. భేకపర్ణి అనే సంస్కృత రూపం మహాప్రాణం కోల్పోయి తెలుగులో ఇలా స్థిరపడింది.

వీటన్నిటికీ భిన్నంగా, తెలుగులో ప్రధానమైన పేరు రూపాన్ని విడిచి ఫలాన్ని పట్టుకుంది. సరస్వతి ఆకు అనేది సంస్కృత పదానికి దేశ్యపదం చేరిన మిశ్రసమాసం. తమలపాకు, మునగాకు వంటి మాటల్లో ఉత్తరపదమైన ఆకు, ఉపయోగపడే భాగాన్ని చూపుతుంది. ఇక్కడా అంతే. పూర్వపదం మాత్రం చదువుల తల్లి పేరు. పిల్లవాడికి ఈ ఆకు ఎందుకు పెడుతున్నారో పేరే చెబుతుంది.

ఈ పేరు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు రెండు సమాధానాలకు అవకాశం ఉంది. భావప్రకాశం బ్రాహ్మి పర్యాయాల్లో సరస్వతి అనే పదాన్ని చెప్పింది. ఆ పండితపదమే తెలుగులో మండూకపర్ణికి బదిలీ అయిందనడం మొదటిది. సారస్వతమనే విశేషణం వైద్యంలో ఫలవాచిగా ముందునుంచీ ఉందని, తెలుగు పేరు దాన్ని అనుసరించిందనడం రెండవది. అష్టాంగహృదయం ఉత్తరస్థానం మొదటి అధ్యాయంలో శిశువులకు చెప్పిన సారస్వత ఘృతం ఈ రెండవ వాదాన్ని బలపరుస్తుంది. మేకపాలు, కరక్కాయ, త్రికటుకాలు, అగరుశొంఠి, వస, మునగ, సైంధవ లవణం దాని ద్రవ్యాలు. అందులో బ్రాహ్మీ లేదు, మండూకపర్ణీ లేదు. అయినా దాని పేరు సారస్వతమే. అంటే ఆ విశేషణం మొక్కను కాక, వాక్కు, మేధ కలిగించే గుణాన్ని సూచించింది. పసివారికి మాటలు రావాలని వస అరగదీసి నాకించే ఆచారం, ఎక్కువ మాట్లాడేవారిని వసపిట్ట అనే నానుడి ఉన్న సమాజంలో, మేధనిచ్చే ఆకుకు సరస్వతి పేరు పెట్టడం సహజం.

ఏ వాదాన్ని అంగీకరించినా ఒక విషయం నిలుస్తుంది. తెలుగు వాడుక ఈ రెండు మొక్కలకు రెండు వేర్వేరు పేర్లు నిలుపుకుంది. సరస్వతి ఆకు ఒకటి, సాంబ్రాణి చెట్టు మరొకటి. పండితపదమైన బ్రాహ్మి దిగుమతి అయినప్పుడే ఈ స్పష్టత చెదిరింది. మండూకబ్రాహ్మి అనే జంటపేరు ఆ చెదరిన స్థితికి గుర్తు. రెండు మొక్కల పేర్లనూ కలిపి ఒకదానికి తగిలించిన ఈ పదం, సంశయాన్ని తీర్చకుండా శాశ్వతం చేసింది.

5. మలబారు నుంచి మద్రాసు దాకా

ఐరోపా వృక్షశాస్త్రంలోకి ఈ మొక్క దేశీయ వైద్యుల నోటి మాటల ద్వారానే వెళ్లింది. డచ్చి అధికారి వాన్ రీడ్ 12 సంపుటాలుగా వెలువరించిన హోర్టస్ మలబారికస్ 1678-1693 మధ్య అచ్చయింది. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, ముగ్గురు కొంకణి బ్రాహ్మణ వైద్యులు దానికి సమాచారం అందించారు. అందులో ఈ మొక్క మలయాళ నామమైన కొడగం పేరుతో చిత్రంతో సహా ఉంది. అంబాయినాలో పనిచేసిన రంఫియస్ దీన్ని లాటిన్‌లో గుర్రపు గిట్ట అనే అర్థం వచ్చేలా వర్ణించాడు. ఈనాటి తెలుగులో గుర్రపుడెక్క అంటే నీటిపై తేలే మరొక కలుపుమొక్క. రూపాన్ని బట్టి పెట్టిన పేరు ప్రాంతం మారితే ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1753లో లిన్నేయస్ తన స్పీషీస్ ప్లాంటారమ్‌లో దీనికి హైడ్రోకోటైల్ ఏషియాటికా అని పేరు పెట్టాడు. 1879లో ఇగ్నాట్స్ ఉర్బన్ దీన్ని సెంటెల్లా ప్రజాతికి మార్చాడు. ఇటీవలి వర్గీకరణలో హైడ్రోకోటైల్ ప్రజాతి పూర్తిగా వేరే కుటుంబానికి వెళ్లిపోయింది. సెంటెల్లా మాత్రం కొత్తిమీర కుటుంబంలోనే ఉంది. శాస్త్రీయనామం స్థిరమని, దేశీయనామం చంచలమని అనుకోవడం అలవాటు. ఈ మొక్క విషయంలో మాత్రం శాస్త్రీయనామమే మారింది.

19వ శతాబ్దంలో పాశ్చాత్య వైద్యులు ఈ మొక్కలో మేధాగుణం కోసం వెతకలేదు. వారి చూపు చర్మంపై పడింది. 1852లో మారిషస్‌లో బోయిలో అనే వైద్యుడు కుష్ఠువ్యాధిలో దీని ఉపయోగాన్ని ప్రకటించాడు. 1855లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ కుష్ఠురోగుల వైద్యశాలలో దీన్ని పరీక్షించి నివేదికలు వెలువరించాడు. మద్రాసు చిత్రకళాశాలను స్థాపించినది కూడా ఈ హంటరే. ఈ ఆకు ఆ వ్యాధికి తిరుగులేని మందు కాదని, అయితే లక్షణాలను తగ్గించి రోగుల ఆరోగ్యాన్ని మెరుగుపరుస్తుందని ఆయన తేల్చాడు. ఆ కాలంలోనే పాండిచ్చేరిలో లెపీన్ అనే ఔషధశాస్త్రవేత్త దీని నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, తమిళ నామమైన వల్లారై ఆధారంగా దానికి వెల్లరిన్ అని పేరు పెట్టాడు. 1868లో వారింగ్ సంపాదకత్వంలో వచ్చిన ఫార్మకోపియా ఆఫ్ ఇండియాలో ఈ మొక్కకు స్థానం లభించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భావప్రకాశం ఈ ఓషధుల గుణాల్లో కుష్ఠహరత్వాన్నీ చెప్పింది. కాని ఆయుర్వేదంలో కుష్ఠశబ్దం అనేక చర్మవ్యాధులకు సాధారణనామం. వలసపాలన కాలపు వైద్యులు దాన్ని ఒకే వ్యాధికి సంకుచితం చేశారు. మొక్క పేరులో ఉన్న చిక్కు వంటిదే వ్యాధి పేరులోనూ ఉంది.

దేశీయనామాల గందరగోళాన్ని ఆనాటివారు గుర్తించకపోలేదు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కల తెలుగు పేర్లకు వృక్షశాస్త్ర నామాలను జతచేస్తూ వాల్టర్ ఇలియట్ 1859లో ఫ్లోరా ఆంధ్రికా ప్రకటించాడు. 1869లో మద్రాసుకు చెందిన మొహిదీన్ షెరీఫ్, ఫార్మకోపియా ఆఫ్ ఇండియాకు అనుబంధగ్రంథంగా వివిధ భారతీయభాషల్లోని ఔషధనామాలను పరిశీలించి సరిచేశాడు. తెలుగు వృక్షనామాల చరిత్ర రాసేవారికి ఈ రెండూ ముఖ్యమైన ఆకరాలు. తెలుగు పరిశోధనలో వీటికి దక్కవలసినంత స్థానం ఇంకా దక్కలేదు.

6. ప్రయోగశాలలోనూ పాత చిక్కే

ఉదయ్‌చంద్ దత్ 1877లో ప్రకటించిన హిందువుల ఔషధద్రవ్య గ్రంథం, బెంగాల్ వాడుకను అనుసరించి, ఈనాడు బకోపా అంటున్న మొక్కనే బ్రాహ్మిగా నిర్ణయించింది. 1931లో ఆ మొక్క నుంచి వేరుచేసిన క్షారపదార్థానికి బ్రాహ్మిన్ అన్న పేరు వచ్చింది. ఇటు 1960లలో లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థకు చెందిన రసాయనశాస్త్రజ్ఞులు సెంటెల్లా నుంచి రెండు పదార్థాలను వేరుచేసి వాటిని బ్రాహ్మోసైడ్, బ్రాహ్మినోసైడ్ అన్నారు. ఉత్తరభారత వాడుకలో సెంటెల్లాయే బ్రాహ్మి కావడం దీనికి కారణం. ఆ సంస్థవారే బకోపా నుంచి వేరుచేసిన పదార్థాలకు మాత్రం వృక్షశాస్త్ర నామాన్ని అనుసరించి బకోసైడ్‌లని పేరు పెట్టారు.

ఫలితంగా, బ్రాహ్మిన్ ఒక మొక్కది, బ్రాహ్మోసైడ్ మరొక మొక్కది. పేరును మాత్రమే చూసిన పాఠకుడు రెండూ ఒకే మొక్కవని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నిఘంటువుల్లో మొదలైన సాంకర్యం రసాయనశాస్త్ర పరిభాషలో కూడా ముద్రపడిపోయింది. దీనికి భిన్నంగా, 1941లో మడగాస్కర్ మొక్క నుంచి బాంటమ్స్ వేరుచేసిన ఏషియాటికోసైడ్, ఆ ద్వీపం పేరుతో వచ్చిన మడెకాసోసైడ్ ఏ సందిగ్ధతకూ తావివ్వవు. గాయాలు మాన్పే మందుల్లో, చర్మసంరక్షణ లేపనాల్లో ఈనాడు ఈ మొక్కకు ఉన్న గిరాకీకి ఆ పరిశోధనలు పునాది వేశాయి.

భారతీయ ఆయుర్వేద ఫార్మకోపియా బ్రాహ్మిని బకోపాగా, మండూకపర్ణిని సెంటెల్లాగా వేర్వేరు సంపుటాల్లో నిర్ణయించి అధికారికంగా ఈ వివాదాన్ని పరిష్కరించింది. ఔషధ తయారీకి ఈ నిర్ణయం అవసరమైనదే. కాని దాన్ని వెనుకటి గ్రంథాలపై యథాతథంగా ఆరోపించడం చరిత్ర దృష్ట్యా సరికాదు. ఒక ప్రాంతపు లేఖకుడు బ్రాహ్మి అని రాసినప్పుడు అతని చేతిలో ఉన్న ఆకు ఏదన్నది ఆ ప్రాంతపు వాడుకే చెప్పాలి.

7. పరిష్కర్తలకు, నిఘంటుకారులకు

తెలుగు వైద్యవాఙ్మయంలో సంస్కృతశ్లోకం, తెలుగు టీక కలగలిసి ఉండడం సాధారణం. బసవరాజీయం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇటువంటి గ్రంథాల్లో తెలుగు టీకను మూలపదానికి అనువాదంగా మాత్రమే చూడడం అలవాటు. నిజానికి ఆ టీక ఒక కాలంలో, ఒక ప్రాంతంలో వైద్యుడు ఏ మొక్కను వాడాడో చెప్పే స్వతంత్రసాక్ష్యం. బ్రాహ్మి అన్న మూలానికి ఒక ప్రతిలో సరస్వతి ఆకు అని, మరొక ప్రతిలో సాంబ్రాణి చెట్టు అని ఉంటే, ఒకటి తప్పని కొట్టివేసే ముందు రెండు ప్రతుల ప్రాంతాలను పరిశీలించాలి. అది లేఖకదోషం కాక ప్రాంతీయభేదం కావచ్చు. పాఠభేదాల పట్టికలో చేరవలసిన ఆ సమాచారం సవరణ పేరుతో చెరిగిపోతే తిరిగి దొరకదు.

అందువల్ల ముద్రణలో మూడు అంశాలను విడివిడిగా చూపడం మంచిది. మొదటిది, గ్రంథంలోని పదం. దాన్ని మార్చకూడదు. రెండవది, టీకలోని తెలుగు పేరు, ప్రతి దొరికిన ప్రాంతంతో సహా. మూడవది, పరిష్కర్త చేసిన వృక్షశాస్త్ర గుర్తింపు. ఈ మూడవదానికి ఆధారం చూపాలి. ఆకు వర్ణన, పెరిగే తావు, కలిసి చెప్పిన ద్రవ్యాలు, రోగాధికారం అటువంటి ఆధారాలు. ఆధారం లేనిచోట గుర్తింపును ఖాళీగా ఉంచడం లోపం కాదు.

నిఘంటువుల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బ్రాహ్మి అన్న ఆరోపానికి సరస్వతి ఆకు అని ఒక్క అర్థం ఇచ్చి ఊరుకోవడం కన్నా, ప్రాంతాన్నిబట్టి, గ్రంథాన్నిబట్టి భిన్నార్థాలను విడిగా చూపడం పాఠకునికి మేలు. ఈనాడు సరస్వతి లేహ్యం, బ్రాహ్మి మాత్రలు అనే పేర్లతో అంగళ్లలో దొరికేవాటిని పిల్లల చదువు కోసం కొనేవారు ఎందరో. జ్ఞాపకశక్తిపై వాటి ప్రభావానికి ఇంకా స్థిరమైన నిరూపణ కాలేదు. కనీసం లోపల ఉన్న ఆకు ఏదో తెలుసుకునే హక్కు వారికి ఉంది. ఆ సమాచారం చివరికి ఏదో ఒక నిఘంటువు మీద, ఏదో ఒక టీక మీద ఆధారపడి వస్తుంది.

8. ముగింపు

సంహితలు రెండుగా చూసిన ఓషధులను మధ్యయుగ నిఘంటువులు సన్నిహితం చేశాయి. ప్రాంతీయవాడుకలు ఒకే పేరును రెండింటికి పంచాయి. ఆధునికశాస్త్రం ఆ పంపకాన్ని తన పరిభాషలోకి తీసుకుంది. ఈ మొత్తంలో తెలుగు వాడుక రెండు మొక్కలకు రెండు పేర్లను ఉంచుకోవడం విశేషం. పండితనామాల ప్రభావం వల్ల మసకబారిన ఆ భేదాన్ని వైద్యతాళపత్రాల్లోని తెలుగు టీకల నుంచి ప్రాంతాలవారీగా సేకరించి, ఇలియట్, మొహిదీన్ షెరీఫ్‌ల పట్టికలతో సరిపోల్చితే, తెలుగు వృక్షనామాల చారిత్రకకోశానికి మొదటి పుటలు సిద్ధమవుతాయి. సరస్వతి ఆకు ఆ కోశంలో ఒక ఆరోపం మాత్రమే. దాని పక్కనే మత్స్యాక్షి, శంఖపుష్పి వంటి సందిగ్ధనామాలు ఇటువంటి పరిశీలన కోసమే వేచి ఉన్నాయి.